ఫాంటసీ పాత్రల నిర్మాణం – 4వ పాఠం: డ్వార్ఫ్ వయసు, డ్వార్ఫ్ వంశం

గత పాఠంలో పాత్రకు జాతినీ, క్లాసునూ (అంటే పాత్ర చేపట్టే వృత్తిని) ఎంచుకోవడం చూశాము. ఈ పాఠంలో డ్వార్ఫ్ (ఫాంటసీ కథల్లో కనిపించే పొట్టి, దీర్ఘాయుష్షు గల జాతి) పాత్రకు వయసు ఎలా నిర్ణయించాలో, ఆ వయసు నుంచి కుటుంబ చరిత్రను ఎలా రాబట్టాలో నేర్చుకుందాము. పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీటులో వయసు గడి దగ్గరకు వచ్చేసరికి తోచిన అంకె వేసి ముందుకు సాగిపోవడం చాలామంది ఆటగాళ్లకు అలవాటు. మనిషి పాత్రకు అది చెల్లుతుంది. డ్వార్ఫ్ పాత్రకు మాత్రం చెల్లదు, ఎందుకంటే డ్వార్ఫ్‌ల పగ, పట్టుదల, వంశాభిమానం అన్నవన్నీ వారి ఆయుర్దాయం మీదే నిలబడి ఉన్నాయి.

పాచికలతో పాత్రలను నడిపే ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 3.5 ఎడిషన్ (2003) వయసు పట్టికను ఆధారంగా తీసుకుందాము. ఆ పట్టిక ప్రకారం డ్వార్ఫ్‌కు 40 ఏళ్లకు యుక్తవయసు వస్తుంది, 125 ఏళ్లకు నడివయసు, 188కి ముసలితనం, 250కి పండు వయసు మొదలవుతాయి. మనిషికి ఇవే మెట్లు 15, 35, 53, 70. నడివయసు నుంచి పైకి ఏ మెట్టు దగ్గర భాగించి చూసినా నిష్పత్తి మూడున్నరకు కాస్త పైనే ఉంటుంది కాబట్టి, పెద్దవయసు డ్వార్ఫ్ ఎవరైనా కథలో ఎదురైతే అతని వయసును మూడున్నరతో భాగించి మనిషి వయసుగా ఊహించుకోవచ్చు. యుక్తవయసు దగ్గర మాత్రం ఈ లెక్క పనిచేయదు. 40ని 15తో భాగిస్తే మూడు కూడా రాదు, అంటే మొత్తం ఆయుష్షుతో పోల్చినప్పుడు డ్వార్ఫ్ బాల్యం మనిషి బాల్యం కంటే చిన్నది.

మరణం ఎప్పుడన్నది డంజియన్ మాస్టర్ (ఆటను నడిపే వ్యక్తి) రహస్యంగా తేల్చుకునే సంగతి. నూరు ముఖాల పాచికలు రెండు వేసి ఆ మొత్తాన్ని 250కి కలపాలి, కనుక ఫలితం 252కూ 450కీ మధ్య ఎక్కడైనా పడవచ్చు. సగటు 351. 2014లో వచ్చిన అయిదవ ఎడిషన్ పాచికల జోలికి పోకుండా డ్వార్ఫ్‌లు సగటున 350 ఏళ్లు బతుకుతారని ఒక్క మాటలో చెప్పింది, రెండు దారులూ ఒకే చోటికి చేరాయన్నమాట. అయితే అయిదవ ఎడిషన్‌లో డ్వార్ఫ్ శరీరం మనిషి శరీరంలాగే ఎదుగుతుంది, కానీ 50 ఏళ్లు నిండేవరకు తోటివారు అతన్ని కుర్రవాడిగానే చూస్తారు. ఈ రెండో పద్ధతే నాకు ఎక్కువ నచ్చుతుంది: ఒళ్లు ఎదిగినా మాటకు విలువ లేని ముప్పై ఏళ్లు ఒక యువ పాత్ర ఇల్లు విడిచి సాహసాలకు బయలుదేరడానికి కావలసినంత కారణం ఇస్తాయి.

ఇప్పుడు ఒక పాత్రను తయారుచేద్దాము. ప్రపంచం ఫర్గాటెన్ రెల్మ్స్ (ఈ ఆటకున్న కల్పిత ప్రపంచాల్లో ఒకటి), కథాకాలం డేల్‌రెకనింగ్ (ఆ ప్రపంచపు సంవత్సర గణన) 1372, పాత్ర ఒక షీల్డ్ డ్వార్ఫ్ (డ్వార్ఫ్‌లలో ఒక ఉపజాతి) ఫైటర్ (యోధుడి క్లాసు). ఫైటర్ ప్రారంభ వయసుకు ఆరు ముఖాల పాచికలు అయిదు వేసి ఆ మొత్తాన్ని 40తో కలపాలి. పాచికలు 17 చూపించాయనుకుందాము. వయసు 57, పుట్టిన సంవత్సరం 1315.

ఈ సంవత్సరం దగ్గర కాసేపు ఆగాలి. ఎన్నో తరాలుగా క్షీణిస్తూ వచ్చిన ఆ ప్రపంచపు డ్వార్ఫ్‌లకు 1306లో వారి దేవుడు మొరాడిన్ ఉరుముల వరం ఇచ్చాడు. జననాలు ఒక్కసారిగా పెరిగాయి, చాలా ఇళ్లలో కవలలు పుట్టారు. పాచికలు ఎలా పడినా మన ఫైటర్ వయసు 45కూ 70కీ మధ్యే ఉంటుంది కాబట్టి అతని పుట్టుక 1302కూ 1327కూ మధ్య వస్తుంది. అంటే 1372లో కొత్తగా గొడ్డలి పట్టిన డ్వార్ఫ్ యోధుల్లో అత్యధికులు ఆ వరం తర్వాత పుట్టినవారే, పెద్దలు ఎన్నడూ చూడనంత మంది తోటి పిల్లల మధ్య పెరిగినవారే. మన పాత్రకు 1306లో పుట్టిన కవల అన్నలను ఇద్దామా? అప్పుడు అతను ఇంట్లో మూడోవాడు, కొలిమిలో తండ్రి పక్కన చోటు దొరకనివాడు. ఇల్లు వదలడానికి కారణం పాచికల నుంచే పుట్టింది.

ఇక తరాలు. తరానికీ తరానికీ నూరేళ్ల ఎడం పెట్టుకుందాము; ఇది పట్టికలో లేదు, మన ఎంపిక. తండ్రికి 157 ఏళ్లు, నడివయసు. తాతకు 257, పండు వయసు. ముత్తాతకు 357, సగటు దాటినా పాచికలు దయతలిస్తే ఇంకా పొయ్యి పక్కన కూర్చునే ఉండవచ్చు. ఆ ముత్తాత పుట్టింది 1015లో. పాతికేళ్లకొక తరం చొప్పున మనుషుల ఊరిలో అదే కాలానికి పద్నాలుగు తరాలు దొర్లిపోతాయి. మనిషి పాత్ర శాసనాల్లో వెతుక్కోవలసిన యుద్ధాన్ని డ్వార్ఫ్ పాత్ర తాత నోట విని పెరుగుతుంది. శత్రు జాతులైన ఓర్క్‌ల మీద, గోబ్లిన్ జాతుల మీద దాడిలో డ్వార్ఫ్‌లకు నియమాలు ఇచ్చే +1ను శిక్షణ ఫలితంగా పుస్తకం చెబుతుంది. ఆ శిక్షణ ఇచ్చినవాడి ఒంటిమీద గాయాల మచ్చలు ఇంకా కనిపిస్తాయని మీరు చేర్చుకుంటే ఆ అంకెకు ప్రాణం వస్తుంది.

తాతను కథలోకి తెస్తే అంకెలు కూడా మార్చాలి. నడివయసు, ముసలితనం, పండు వయసు అనే మూడు మెట్లూ దాటిన డ్వార్ఫ్‌కు బలం, చురుకుదనం, దేహదారుఢ్యం మొత్తం ఆరేసి తగ్గుతాయి, తెలివి, వివేకం, ఆకర్షణ మూడేసి పెరుగుతాయి. వయసులో ఉన్నప్పుడు బలం 15, వివేకం 13 ఉన్న తాతకు ఇప్పుడు బలం 9, వివేకం 16. సొంత గొడ్డలిని ఆయన మునుపటిలా తిప్పలేడు, దాన్ని ఎవరి చేతికి ఇవ్వాలో మాత్రం బాగా ఎరుగును.

అభ్యాసం: డ్వార్ఫ్ క్లెరిక్‌కు (దేవుడి సేవకుడి క్లాసు) వయసు కట్టండి. క్లెరిక్‌కు 40తో కలపవలసినవి అయిదు కావు, ఏడు పాచికలు. పుట్టిన సంవత్సరం 1306కు ముందో తర్వాతో చూసి, ముందైతే వరానికి మునుపటి ఖాళీ ఉయ్యాలల ఇంటిని, తర్వాతైతే కిక్కిరిసిన ఇంటిని రెండు వాక్యాల్లో రాయండి. తండ్రి, తాత, ముత్తాతల పుట్టిన సంవత్సరాలు వేసి, వారిలో ఎవరు బతికి ఉన్నారో పాచికలతో తేల్చండి. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి; వచ్చే పాఠంలో ఆ వంశానికి ఒక తీరని బాకీని తగిలిస్తాము.