చిట్టి వాక్యూమ్ ట్యూబులతో గిటార్ పెడల్ – 3వ పాఠం: ఫిలమెంటుకు కరెంటు, గ్రిడ్డుకు బయాస్

గత పాఠంలో ట్యూబులను రెండు జాతులుగా విడదీశాము. 6021 వంటి వాటిలో కాథోడ్ (ఎలక్ట్రాన్లను వెదజల్లే భాగం) వేరుగా, దానిని వేడిచేసే హీటర్ వేరుగా ఉంటాయి. ఆ హీటర్ ఒక్కటే 6.3 వోల్టుల దగ్గర 300 మిల్లీ ఆంపియర్లు, అంటే దాదాపు 1.9 వాట్లు తీసుకుంటుంది. వినికిడి యంత్రాల కోసం తయారైన 6418 వంటి పెంటోడ్‌లలో (ఐదు ఎలక్ట్రోడ్ల ట్యూబులలో) ఫిలమెంటే, అంటే వేడెక్కే సన్నని తీగే, కాథోడ్. దానికి 1.25 వోల్టుల దగ్గర 10 మిల్లీ ఆంపియర్లు చాలు. 9 వోల్టులతో నడిచే పెడల్‌లో మొదటిసారి ట్యూబు వాడేవారికి ఈ రెండో జాతే అనుకూలమని నా అభిప్రాయం. అయితే ఫిలమెంటూ కాథోడూ ఒకటే కావడం వల్ల, దానికి కరెంటు అందించే పద్ధతే గ్రిడ్ బయాస్‌నూ (ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని అదుపుచేసే గ్రిడ్డుకు ఇచ్చే స్థిర వోల్టేజి) హమ్‌నూ (సరఫరా నుంచి వచ్చే గుంయిమనే మోత) కొంతవరకు నిర్ణయిస్తుంది. కాబట్టి ఈ పాఠమంతా ఆ సన్నని తీగ గురించే.

ముందుగా ఒక జాగ్రత్త. ముల్లు కదిలే పాతరకం మల్టీమీటరును ఓమ్‌ల ఒకటో రేంజిలో పెట్టి ఫిలమెంటు బాగుందో లేదో చూడకూడదు. ఆ రేంజిలో మీటరు లోపలి బ్యాటరీ నుంచి పదుల మిల్లీ ఆంపియర్లు బయటికి వస్తాయి. 10 మిల్లీ ఆంపియర్ల ఫిలమెంటు ఆ పరీక్షతోనే కాలిపోవచ్చు. డిజిటల్ మీటరుతో ఆ ప్రమాదం లేదు. అది చూపే విలువ చాలా తక్కువగా ఉందని కంగారు పడనక్కరలేదు: వేడెక్కిన ఫిలమెంటు నిరోధం 125 ఓమ్‌లు, చల్లగా ఉన్నప్పుడు అందులో కొద్ది భాగమే ఉంటుంది. అలాగే స్విచ్చి వేశాక వెలుగు కనిపించలేదని ట్యూబును పారేయవద్దు. ఆక్సైడ్ పూత పూసిన ఈ ఫిలమెంటు తక్కువ ఉష్ణోగ్రతలోనే పనిచేస్తుంది కనుక, చీకటి గదిలో చూసినా మహా అయితే సన్నని ఎర్రగీత కనబడుతుంది.

ఇక లెక్క. 9 వోల్టులలో ఫిలమెంటుకు 1.25 పోగా మిగిలిన 7.75 వోల్టులను 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర రెసిస్టర్ దించాలి. అందుకు 775 ఓమ్‌లు కావాలి. ఒకే రెసిస్టర్‌కు బదులు 390 ఓమ్‌లవి రెండు వరుసగా పెట్టి, వాటి నడుమ నుంచి గ్రౌండుకు 470 మైక్రో ఫారడ్ల కెపాసిటర్ కలిపితే, కరెంటు 9.94 మిల్లీ ఆంపియర్లుగా స్థిరపడడమే కాక, సరఫరాలోని రిపుల్ (వోల్టేజిలోని చిన్న హెచ్చుతగ్గులు) ఫిలమెంటును చేరకముందే చాలావరకు అణగిపోతుంది. ఫిలమెంటే కాథోడ్ కనుక అక్కడికి చేరిన రిపుల్ నేరుగా సంకేతంలో కలిసి హమ్‌గా వినిపిస్తుంది. అందుకే ఈ కెపాసిటర్‌ను వదిలేయవద్దని గట్టిగా చెబుతున్నాను. రెగ్యులేటర్ లేని అడాప్టర్ తక్కువ లోడు మీద 9 వోల్టుల కంటే బాగా ఎక్కువ ఇస్తుంది కాబట్టి దానిని వాడకూడదు. బ్యాటరీ వాడితే, అది 7 వోల్టులకు దిగేసరికి ఫిలమెంటు కరెంటు సుమారు ఏడున్నర మిల్లీ ఆంపియర్లకు పడిపోతుంది, ఎలక్ట్రాన్ల ఉద్గారం తగ్గుతుంది, స్వరం పలచబడుతుంది.

బయాస్ ఎంత ఉండాలన్నది ప్లేటుకు (ఎలక్ట్రాన్లు వచ్చి చేరే భాగానికి) ఇచ్చే వోల్టేజిని బట్టి ఉంటుంది. ప్లేటుకూ స్క్రీన్‌కూ (గ్రిడ్డుకూ ప్లేటుకూ నడుమ ఉండే రెండో గ్రిడ్డుకు) 9 వోల్టులే ఇస్తే, గ్రిడ్డును ఒక వోల్టు మేర రుణాత్మకం చేసినా ట్యూబు కరెంటు బాగా తగ్గిపోతుంది. అందువల్ల గ్రిడ్ రెసిస్టర్‌ను ఫిలమెంటు రుణ కొసకే కలపాలి. దాని విలువ 2.2 నుంచి 10 మెగా ఓమ్‌ల దాకా ఉండవచ్చు. గ్రిడ్డు మీద చిక్కుకునే కొద్దిపాటి ఎలక్ట్రాన్లే దానిని తగినంత రుణాత్మకం చేస్తాయి. పాత వినికిడి యంత్రాల బ్యాటరీలాగా ప్లేటుకూ స్క్రీన్‌కూ 22.5 వోల్టులు ఇవ్వగలిగితే గ్రిడ్డుకు సుమారు 1.2 వోల్టుల రుణ బయాస్ కావాలి. దానికోసం ఫిలమెంటు రుణ కొసకూ గ్రౌండుకూ మధ్య 120 ఓమ్‌లు పెట్టి, గ్రిడ్ రెసిస్టర్‌ను గ్రౌండుకు కలపండి. ఫిలమెంటు కరెంటే ఆ 120 ఓమ్‌లలో 1.2 వోల్టులు పుట్టిస్తుంది. పైనున్న రెసిస్టర్లను 390కి బదులు 330 ఓమ్‌లు చేస్తే మొత్తం మళ్లీ 780కే వస్తుంది. మామూలు కాథోడ్ రెసిస్టర్‌కు బైపాస్ కెపాసిటర్ పెట్టడం మనకు అలవాటే గాని, ఈ ట్యూబు ట్రాన్స్‌కండక్టెన్స్ (గ్రిడ్ వోల్టేజి మారితే ప్లేటు కరెంటు ఎంత మారుతుందో చెప్పే విలువ) చాలా తక్కువ కనుక ఇక్కడ అది లేకపోయినా గెయిన్‌లో (సంకేతం ఎన్ని రెట్లు పెరుగుతుందన్న దానిలో) చెప్పుకోదగ్గ నష్టం ఉండదు.

ప్లేటు లోడుకు (సరఫరాకూ ప్లేటుకూ మధ్య ఉండే రెసిస్టర్‌కు) లెక్క కన్నా కొలత మేలు. 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో వరుసగా 220 కిలో ఓమ్‌ల ప్రీసెట్ (తిప్పి విలువ మార్చగల చిన్న రెసిస్టర్) పెట్టి, ప్లేటు వోల్టేజి సరఫరాలో సగానికి వచ్చేదాకా తిప్పండి. ఒక చిక్కు మాత్రం ఉంది: 100 కిలో ఓమ్‌ల లోడు మీద 500 పికో ఫారడ్ల కేబుల్‌ను నేరుగా తగిలిస్తే 3 కిలో హెర్ట్జ్ పైన స్వరం కుంగిపోతుంది. ట్యూబు స్వరం మెత్తగా ఉంటుందని చాలామంది మురిసిపోయేది నిజానికి ఈ లోపాన్ని చూసే. 10 నానో ఫారడ్ల కెపాసిటర్ తర్వాత ఒక జెఫెట్ సోర్స్ ఫాలోయర్‌ను (ట్యూబు మీద కేబుల్ భారం పడకుండా ఆపే ట్రాన్సిస్టర్ దశను) చేర్చి కేబుల్‌ను దాని నుంచి తీసుకుంటే ఈ బెడద ఉండదు.

ట్యూబును అతికించకముందే, ఫిలమెంటు స్థానంలో 120 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెట్టి దానిమీద వోల్టేజి కొలవండి. మొదటి అమరికలో (ప్లేటుకు 9 వోల్టులు) 1.2 వోల్టులు చూపాలి. రెండో అమరికలోనూ (ప్లేటుకు 22.5 వోల్టులు) అంతే. అప్పుడే దానిని తీసి ట్యూబును చేర్చండి. గాజుకు ఆనుకుని తీగలను వంచకూడదు, కొన్ని మిల్లీమీటర్లు వదలాలి. టంకం పెట్టేటప్పుడు గాజుకూ టంకానికీ నడుమ చిమటాతో తీగను పట్టుకుంటే వేడి సీలు దాకా పాకదు. బల్లపరుపు ట్యూబుల మీది ఎర్రచుక్క ప్లేటు తీగ వైపును చూపుతుంది, అయినా డేటాషీట్‌తో సరిచూసుకోండి.

చివరగా స్విచ్చి వేసి, ట్యూబును పెన్సిలు కొసతో మెల్లగా తట్టండి. ఫిలమెంటు బిగించిన తీగలా కంపించి, స్పీకరులో గణగణమంటుంది. ఆ మోత వెంటనే ఆగిపోతే పరవాలేదు. సాగుతుంటే ట్యూబును మెత్తని ఫోములో పొదిగి, సన్నని వంగే తీగలతో బోర్డుకు కలిపి, కాలి స్విచ్చికి దూరంగా జరపండి. ఒకే రకం ట్యూబులలో కూడా కొన్ని ఎక్కువగా మోగుతాయి, కొన్ని మోగవు. అన్నింటినీ ఇలా తట్టి చూసి, తక్కువ మోగేదానిని వేరుగా ఉంచండి. వచ్చే పాఠంలో రెండు దశలు కలిపినప్పుడు మొదటి దశకు అదే కావాలి.