రైతుబజార్ ఫొటోలకు ఫోకస్ ముందే పెట్టేసుకోండి

రైతుబజార్లో ఫొటోలు తీసేటప్పుడు పెద్ద చిరాకు ఆటోఫోకస్‌దే. కూరలు తూచే ఆమె నవ్విన క్షణంలో అది మొహాన్ని వదిలేసి ముందు వేలాడే అరటి గెలనో త్రాసునో పట్టుకుంటుంది. అది తేరుకునేలోపు ఆమె మన వైపు చూసి పమిట సర్దుకుని బిగుసుకుపోతుంది.

28 ఎంఎం లెన్స్, ఫుల్‌ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మ్ సైజు సెన్సర్ ఉన్న) కెమెరా అయితే అపెర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్/8 పెట్టండి. రెండు మీటర్ల దూరంలో ఉన్న స్తంభం మీదో బస్తా మీదో ఫోకస్ చేసి, మాన్యువల్‌కి మార్చేయండి. ఇక సుమారు 1.25 మీటర్ల నుంచి 5 మీటర్ల దాకా అన్నీ స్పష్టంగానే వస్తాయి. షట్టర్ వేగం సెకనులో 1/250 వంతు, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) ఆటో, గరిష్ఠం 3200. ఫోకస్ రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అంటిస్తే ఇంకా నయం. రెండు మీటర్లంటే ఒక బార కంటే కాస్త ఎక్కువ, రెండు మూడు రోజుల్లో కంటికి అలవాటవుతుంది. ఏపీఎస్-సీ (కాస్త చిన్న సెన్సర్) కెమెరా ఉన్నవాళ్లకి 23 ఎంఎంతో దాదాపు ఇవే కొలతలు.

ఇంత వేగం వచ్చింది కదా అని అడక్కుండా తీసి జారుకోవద్దు. ముందు "ఇక్కడ ఫొటోలు తీసుకుంటానమ్మా" అని చెప్పి, బేరాలు మళ్లీ మొదలయ్యాక తీస్తేనే సహజంగా వస్తాయి.

చీకటి పడ్డాక బల్బు వెలుగులో మాత్రం ఇది పనికిరాదు. వెలుగు చాలక రంధ్రం పెద్దది చేసి ఎఫ్/2.8కి దిగితే స్పష్టంగా వచ్చే దూరం 1.65 నుంచి 2.5 మీటర్లకు కుంచించుకుపోతుంది. అప్పుడు టేపు తీసేసి ఆటోఫోకస్‌కే వెళ్లండి.