ఓర్లాండో డిస్నీకి ఇంటిల్లిపాదీ వెళ్తుంటే ఎక్కడ దిగాలి

ఓర్లాండోలో హోటల్ వెతికేటప్పుడు చాలామంది ధరలను తక్కువ నుంచి ఎక్కువకు వరస పెట్టి, "డిస్నీకి 5 మైళ్లు" అని కనిపించిన మొదటిదాన్ని బుక్ చేసేస్తారు. ఆ 5 మైళ్లు ఏ గేటుకో అందులో రాయరు. వాల్ట్ డిస్నీ వరల్డ్ దాదాపు 40 చదరపు మైళ్ల స్థలం. అందులో మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్ అని నాలుగు పెద్ద పార్కులు, రెండు వాటర్ పార్కులు దూరదూరంగా ఉంటాయి. ఒక పార్కుకు దగ్గరగా ఉన్న హోటల్ ఇంకో పార్కుకు దూరమవుతుంది.

పసిపిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలో అత్తామామలో వెంట ఉంటే ధర కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు పార్కులోంచి బయటపడితే ఎంతసేపట్లో మంచం మీద నడుం వాల్చగలరు? పార్కు పొద్దున 9కి తెరిస్తే బాణసంచా అయ్యేసరికి రాత్రి 9 దాటుతుంది. వేసవిలో మధ్యాహ్నం ఎండ, ఉక్కపోత, ఆపైన దాదాపు రోజూ ఉరుములతో వాన. పన్నెండు గంటలు ఏకబిగిన తిరగడం మూడేళ్ల పాపకీ కష్టమే, అరవై ఐదేళ్ల తాతగారికీ కష్టమే. మధ్యాహ్నం రెండు గంటలు పడుకుని లేస్తే సాయంత్రం మళ్లీ ఓపిక వస్తుంది. గదికి రానూపోనూ రెండు గంటలు పట్టేలా ఉంటే మాత్రం ఎవరూ వెనక్కి వెళ్లరు. పిల్లలు నాలుగింటికి ఏడుపు అందుకుంటారు, పెద్దవాళ్లు ఏ బెంచీ మీదో కూలబడతారు.

ఈ లెక్కలో అసలు చిక్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌తోనే. మిగతా మూడు పార్కులకు కారు పార్కింగ్ గేటు ముందే ఉంటుంది. మ్యాజిక్ కింగ్‌డమ్‌కు అలా కాదు. కారును టికెట్ అండ్ ట్రాన్స్‌పోర్టేషన్ సెంటర్ దగ్గర పెట్టి, ట్రామ్ ఎక్కో నడిచో సెక్యూరిటీ దాకా వచ్చి, అక్కడినుంచి మోనోరైలో ఫెర్రీయో ఎక్కి సరస్సు దాటితే గానీ పార్కు గేటు రాదు. కారు తలుపు వేసినప్పటి నుంచి గేటు చేరేసరికి 40 నిమిషాలు సులభంగా పోతాయి. తిరుగు ప్రయాణంలోనూ అంతే. బాణసంచా అయ్యాక అయితే ఇంకా ఎక్కువ, ఎందుకంటే పార్కు ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. ఊబర్ కూడా ఆ సెంటర్ దగ్గరే దించుతుంది. డిస్నీ సొంత హోటళ్ల నుంచి వచ్చే బస్సులు మాత్రం ఇదంతా తప్పించి నేరుగా పార్కు గేటు పక్కన ఆగుతాయి. డిస్నీ హోటళ్లలో చవకైనదానికి కూడా ఉన్న అతిపెద్ద లాభం ఇదే. పిల్లలకు ఏడెనిమిదేళ్ల లోపే ఉంటే మ్యాజిక్ కింగ్‌డమ్‌కు రెండు రోజులు వెళ్తారు కాబట్టి, దీనికి ఎక్కువ మార్కులు వేయండి. పిల్లలు పెద్దవాళ్లై, ఎక్కువ రోజులు మిగతా పార్కులకే వెళ్తుంటే బయట దిగినా పెద్దగా నష్టం లేదు.

డిస్నీ లోపల దిగితే

డబ్బుకు వెనుకాడకపోతే కాంటెంపరరీ, పాలినేషియన్, గ్రాండ్ ఫ్లోరిడియన్, ఈ మూడూ మోనోరైలు దారిలో ఉన్నాయి. కాంటెంపరరీ నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్‌కు పది నిమిషాల నడక. స్ట్రోలర్ మడవక్కర్లేదు, బస్సు కోసం నిలబడక్కర్లేదు. కానీ రాత్రికి 600 డాలర్ల పైమాటే. ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్ ముఖ్యమనుకునేవాళ్లకు బీచ్ క్లబ్, యాట్ క్లబ్, బోర్డ్‌వాక్ దగ్గర. అక్కడినుంచి ఎప్‌కాట్ వెనుక గేటుకు నడిచే వెళ్లొచ్చు.

మధ్యతరగతి లెక్కకు సరిపోయేవి స్కైలైనర్ దారిలోని పాప్ సెంచురీ, ఆర్ట్ ఆఫ్ యానిమేషన్, కరీబియన్ బీచ్. స్కైలైనర్ అంటే తీగల మీద వెళ్లే చిన్న క్యాబిన్లు. ఒక్కోదాంట్లో పదిమంది దాకా పడతారు, స్ట్రోలర్ విప్పే ఎక్కించొచ్చు. ఎప్‌కాట్‌కూ, హాలీవుడ్ స్టూడియోస్‌కూ వెళ్తుంది. మిగతా రెండు పార్కులకు బస్సే. దీనితో రెండు ఇబ్బందులు. క్యాబిన్‌లో ఏసీ ఉండదు, పిడుగులు పడే సూచన కనిపిస్తే ఆపేస్తారు. అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా మీరు గదికి బయల్దేరే మధ్యాహ్నం వేళే అది ఆగిపోయే అవకాశం ఎక్కువ. అప్పుడు బస్సుల దగ్గర క్యూ పెరుగుతుంది. ఎత్తంటే కళ్లు తిరిగే పెద్దవాళ్లుంటే, ఇందులో ఎక్కగలరో లేదో వాళ్లను ముందే అడగండి.

ఆల్-స్టార్ మూవీస్, మ్యూజిక్, స్పోర్ట్స్, ఈ మూడూ అన్నిటికన్నా చవక. నాలుగు పార్కులకూ బస్సే దిక్కు. రద్దీ లేని వేళల్లో మూడు హోటళ్లకూ కలిపి ఒకే బస్సు తిప్పుతారు. చివరి స్టాపు వాళ్లకు కూర్చోడానికి సీటు దొరకకపోవచ్చు. డిస్నీ బస్సుల్లో స్ట్రోలర్‌ను మడిచి ఎక్కాలి. నిద్రపోయిన పిల్లాడు ఒక చేతిలో, స్ట్రోలర్ ఇంకో చేతిలో, భుజాన బ్యాగు: రాత్రి పదింటికి ఇది ఎవరి వల్ల అవుతుందో ఇంట్లోనే మాట్లాడుకోండి. ఒక్క చేత్తో మడిచే స్ట్రోలర్ తీసుకెళ్తే సగం బాధ తీరుతుంది.

డిస్నీ హోటల్లో ఉన్న ప్రతివాళ్లకూ రోజూ ఏ పార్కులోకైనా అరగంట ముందు ప్రవేశం ఉంటుంది. లైట్నింగ్ లేన్ మల్టీ పాస్‌ను (రైడ్ల దగ్గర పొడవాటి క్యూ తప్పించడానికి డబ్బిచ్చి కొనే పాస్) బస మొదలయ్యే రోజుకు 7 రోజుల ముందు బుక్ చేసుకోవచ్చు. బయట ఉన్నవాళ్లకు 3 రోజుల ముందు మాత్రమే. పొద్దున్నే లేవని కుటుంబానికి ఆ అరగంట దండగ, దానికోసం డబ్బు ఎక్కువ పెట్టకండి.

గదిలో ఎంతమంది, ఎలా పడుకుంటారు

పాప్ సెంచురీ మామూలు గది 260 చదరపు అడుగులు, నలుగురికి. మూడేళ్ల లోపు పసివాళ్లను ఆ నలుగురిలో లెక్కపెట్టరు. ఫొటోలో మంచం ఒకటే కనిపిస్తుంది. రెండోది గోడకు నిలబెట్టి ఉంటుంది, కిందికి వాలిస్తే మంచం, పైకెత్తితే భోజనాల బల్ల. మధ్యాహ్నం తాతగారో నానమ్మో ఆ మంచం మీద పడుకుంటే పిల్లలు కూర్చుని తినడానికి బల్ల ఉండదన్నమాట. గది కొత్తగా, నీటుగా ఉంటుంది, అందులో అనుమానం లేదు. ఆరుగురికి మాత్రం కుదరదు.

ఆరుగురైతే ఆర్ట్ ఆఫ్ యానిమేషన్‌లో ఫ్యామిలీ సూట్లు చూడండి. విడిగా పడకగది, రెండు బాత్రూములు, మైక్రోవేవ్, ఫ్రిజ్ ఉంటాయి. పొద్దున ఏడింటికి ఆరుగురూ తయారవ్వాలంటే రెండో బాత్రూము విలువ అప్పుడు తెలుస్తుంది. అదే హోటల్లో లిటిల్ మెర్మెయిడ్ గదులు సూట్లు కావు, మామూలు గదులు. పైగా లాబీకీ బస్సులకీ బాగా దూరం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అవి వద్దు. రెండు గదులు తీసుకునేవాళ్లు "కనెక్టింగ్" అని బుకింగ్‌లో రాయించాలి. పక్కపక్క గదులకు మధ్య తలుపు ఉండాలని లేదు. ఈ కోరిక చాలాచోట్ల హామీ కాదు, విజ్ఞప్తి మాత్రమే. అందుకే బుక్ చేశాక ఒకసారి, వెళ్లే వారం ముందు ఒకసారి ఫోన్ చేయాలి.

అన్నం సంగతి

మూడో రోజుకల్లా పెద్దవాళ్లు పెరుగన్నం అడుగుతారు. హోటల్ గదుల్లో పొయ్యి ఉండదు, గదిలో రైస్ కుక్కర్ పెట్టడాన్ని చాలా హోటళ్లు ఒప్పుకోవు. ఆవిరికి అలారం మోగితే ఫ్లోరంతా బయటికి రావాలి. వంట తప్పదంటే డిస్నీ లోపలే ఫోర్ట్ వైల్డర్‌నెస్ క్యాబిన్లున్నాయి. ఆరుగురు పడతారు, పూర్తి వంటగది ఉంటుంది. అయితే ఆ ప్రాంగణం పెద్దది, లోపల తిరగడానికే వేరే బస్సులు, ఆ తర్వాత పార్కు బస్సు. డీలక్స్ విల్లాల్లో ఒక పడకగది ఉన్నవాటిలో వంటగదితోపాటు బట్టలుతికే మెషిన్ కూడా ఉంటుంది.

డిస్నీ పార్కుల్లోకి ఇంటి తిండి తీసుకెళ్లనిస్తారు. గాజు సీసాలు, మద్యం కూడదు. పులిహోర, చపాతీలు, పెరుగన్నం ప్లాస్టిక్ డబ్బాల్లో నిక్షేపంగా తీసుకెళ్లొచ్చు. శాకాహారులకు ఇంకో మాట: యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లోని సనా రెస్టారెంట్‌లో నాన్, పచ్చళ్లలాంటి చట్నీలతో బ్రెడ్ సర్వీస్ దొరుకుతుంది. ఆ హోటల్లో సవానా (జంతువులు తిరిగే గడ్డిమైదానం) వైపు గదుల బాల్కనీ నుంచి జిరాఫీలు కనిపిస్తాయి. పిల్లలకు పండగే, కానీ ఏ పార్కుకైనా బస్సే దారి, మ్యాజిక్ కింగ్‌డమ్‌కు దూరం.

రెండు కుటుంబాలు కలిసి వెళ్తే కిస్సిమీ, డేవెన్‌పోర్ట్, ఛాంపియన్స్‌గేట్ వైపు నాలుగైదు పడకగదుల అద్దె ఇళ్లు మేలు. పూర్తి వంటగది, వాషర్, ఈత కొలను. శుభ్రం చేసే రుసుము ఎన్ని రాత్రులున్నా ఒకటే కాబట్టి రెండు మూడు రాత్రులకు ఇల్లు గిట్టదు, ఐదు దాటితేనే లెక్క కుదురుతుంది. డిసెంబరు, జనవరిలో కొలను నీళ్లు వేడి చేయడానికి రోజుకింత అని విడిగా వసూలు చేస్తారు. ఆ మాట ప్రకటన కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పాకే పిల్లలుంటే కొలను చుట్టూ పిల్లల కంచె, వెనుక తలుపుకు అలారం ఉన్నాయో లేదో మెసేజ్‌లో అడిగి, జవాబు రాతలో తీసుకోండి. చంటివాళ్లను కూడా మనిషి లెక్కలో వేసే ఇళ్లున్నాయి. దూరం చూసేటప్పుడు మ్యాప్‌లో ఇంటి నుంచి పార్కుకు పొద్దున 8కి బయల్దేరినట్టు పెట్టి చూడండి. ఐ-4 హైవే మీద ఆ వేళకు నిమిషాలు అమాంతం పెరుగుతాయి.

అసలు ధర ఎంత పడుతుంది

బయటి హోటల్లో గది 120 డాలర్లు అనుకోండి. రిసార్ట్ ఫీజు (గది అద్దె మీద హోటల్ తప్పనిసరిగా వసూలు చేసే రుసుము) 35. ఆ 155 మీద ఆరెంజ్ కౌంటీలో పన్ను 12.5 శాతం, మొత్తం 174. హోటల్ పార్కింగ్ 20, పార్కులో పార్కింగ్ రోజుకు 30 అనుకుందాం. కలిపితే 224. అదే పాప్ సెంచురీలో గది 190కి దొరికితే పన్నుతో 214. రిసార్ట్ ఫీజు లేదు, హోటల్లోనూ పార్కుల్లోనూ పార్కింగ్ ఉచితం. చవకనుకున్నది పది డాలర్లు ఎక్కువైంది. ఆసియోలా కౌంటీలో పన్ను 13.5 శాతం, ఆల్-స్టార్ హోటళ్లు కూడా దాని కిందికే వస్తాయి. 2025 మే నుంచి తప్పనిసరి ఫీజులను మొదటి ధరలోనే కలిపి చూపాలని అమెరికా నిబంధన వచ్చింది. పన్ను, పార్కింగ్ మాత్రం ఇప్పటికీ చివర్లోనే బయటపడతాయి.

"ఉచిత డిస్నీ షటిల్" అని బయటి హోటళ్లు రాసేదాన్ని నమ్మి కారు మానుకోకండి. చాలావాటిలో అది పొద్దున రెండు మూడు ట్రిప్పులు, రాత్రి రెండు మూడు ట్రిప్పులు. మధ్యాహ్నం ఉండదు, ముందు రోజే పేరు రాయించాలి, మ్యాజిక్ కింగ్‌డమ్‌కు వెళ్లేవాళ్లనూ ఆ టికెట్ అండ్ ట్రాన్స్‌పోర్టేషన్ సెంటర్ దగ్గరే దించుతుంది. హోటల్‌కు ఫోన్ చేసి "మధ్యాహ్నం ఒంటిగంటకు తిరుగు బస్సుందా?" అని ఒక్క ప్రశ్న అడిగితే తేలిపోతుంది. ఎయిర్‌పోర్టు నుంచి డిస్నీ హోటళ్లకు ఉచిత బస్సు ఉందని పాత సమాచారం ఇంకా తిరుగుతోంది. అది 2022 మొదట్లోనే ఆగిపోయింది. ఫ్లోరిడాలో ఐదేళ్లూ అంతకంటే చిన్న పిల్లలకు కార్లో కార్ సీటో బూస్టరో ఉండాలి కాబట్టి, ఊబర్ మీద ఆధారపడేవాళ్లు సీటు వెంట తెచ్చుకోవాలి. డిస్నీ బస్సుల్లో ఆ అవసరం లేదు.

యూనివర్సల్ కూడా చూడాలంటే

యూనివర్సల్ ఓర్లాండోలోనే ఉన్న ఇంకో థీమ్ పార్కుల సముదాయం. అన్ని రోజులూ ఒకేచోట ఉండక్కర్లేదు. డిస్నీ అయ్యాక ఒక రాత్రి యూనివర్సల్ వాళ్ల పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్‌లలో ఏదో ఒకదాంట్లో దిగితే గదిలో ఉన్న అందరికీ ఎక్స్‌ప్రెస్ అన్‌లిమిటెడ్ పాస్ (రైడ్ల దగ్గర మామూలు క్యూ తప్పించే పాస్) ఉచితం. చెకిన్ రోజూ, చెకౌట్ రోజూ పనిచేస్తుంది, అంటే ఒక రాత్రి డబ్బుకు రెండు రోజులు. పొద్దున్నే సామాను హోటల్లో ఇచ్చి, పాస్ తీసుకుని పార్కుకు వెళ్లిపోవచ్చు. గది సాయంత్రం ఇచ్చినా ఫర్వాలేదు. నలుగురికి ఆ పాస్ విడిగా కొంటే ఎంతవుతుందో చూసి, గది ధరతో పోల్చండి. క్రిస్మస్, స్ప్రింగ్ బ్రేక్ రోజుల్లో చాలాసార్లు గదే చవక. 2025 మేలో తెరిచిన ఎపిక్ యూనివర్స్‌లో మాత్రం ఈ పాస్ చెల్లదు. ఆ పార్కు కోసమే వెళ్తుంటే దాని పక్కనున్న స్టెల్లా నోవా, టెర్రా లూనా తక్కువ ధరకు వస్తాయి.

బుక్ చేసేటప్పుడు, అమ్మానాన్నల వీసా, టికెట్లు ఖాయం కాకముందే డబ్బు తిరిగిరాని రేటు తీసుకోకండి. డిస్నీలో గది మాత్రమే బుక్ చేస్తే ఒక రాత్రి అద్దె అడ్వాన్సు కడతారు, వచ్చే రోజుకు 5 రోజుల ముందు దాకా రద్దు చేస్తే అది వెనక్కి వస్తుంది. గది, టికెట్లు కలిపిన ప్యాకేజీకి ఆ గడువు 30 రోజులు. ముందు గది మాత్రం పట్టుకుని, తర్వాత డిస్కౌంట్ వస్తే అదే బుకింగ్‌ను ఆ ధరకు మార్చమని అడగొచ్చు. వీల్‌చెయిర్ కావాల్సినవాళ్లు బయటి అద్దె కంపెనీ నుంచి మొత్తం బసకు తీసుకుంటే హోటల్ నుంచి బస్సు దాకా కూడా పనికొస్తుంది. పార్కులో తీసుకున్నది గేటు దగ్గరే తిరిగి ఇచ్చేయాలి.