మ్యాచ్ మధ్యలో క్వార్టర్‌బ్యాక్‌ను ఎప్పుడు మార్చాలి?

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో స్కోర్‌బోర్డు చూసి క్వార్టర్‌బ్యాక్‌ను (దాడిని నడిపిస్తూ పాస్‌లు విసిరే ఆటగాడిని) మార్చకూడదు. ముందుగా, విఫలమైన ప్రతి పాస్‌ను ఎవరి పద్దులో రాయాలో తేల్చాలి. చేతిలో పడ్డ బంతిని రిసీవర్ (పాస్ అందుకునేవాడు) జారవిడిచాడా? క్వార్టర్‌బ్యాక్‌కు కాపలాగా నిలిచే లైన్ రెండు సెకన్లకే చెదిరిపోయిందా? అలాగైతే కొత్తవాడొచ్చినా గతి అంతే, దెబ్బలు మాత్రం వాడు తింటాడు. ఖాళీగా ఉన్న రిసీవర్ కనబడకపోవడం, మీద ఎవరూ పడకున్నా బెదిరి పరిగెత్తడం, ఇద్దరి కాపలాలో ఉన్నవాడికే విసరడం మాత్రం అతని తప్పులే. ఒక ఇంటర్‌సెప్షన్‌ను (పాస్ ప్రత్యర్థి చేతికి చిక్కడం) ఓర్చుకోవచ్చు. టాబ్లెట్‌లో వీడియో చూపించి చెప్పాక కూడా తర్వాతి రెండు డ్రైవ్‌లలో (బంతి మన జట్టు చేతిలో ఉండే విడతల్లో) అదే తప్పు చేస్తే మార్చేయండి.

మార్పుకు హాఫ్‌టైమ్ అన్నిటికన్నా మేలు. 2018 జనవరి 8న జాతీయ ఫైనల్లో అలబామా సగం ఆటకు జార్జియా చేతిలో 0-13తో వెనకబడింది. అలబామా క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ 8 పాస్‌లలో 3 పూర్తిచేసి 21 గజాలే రాబట్టాడు. కోచ్ నిక్ సేబన్ అతని స్థానంలో ఫ్రెష్‌మన్ (కాలేజీలో మొదటి ఏడాది ఆటగాడు) టువా టగొవైలోవాను దించాడు. అతనూ ఒక ఇంటర్‌సెప్షన్ ఇచ్చాడు, ఓవర్‌టైమ్‌లో 16 గజాలు వెనక్కి పోయేలా దొరికిపోయాడు. అయినా సేబన్ కదపలేదు. వెంటనే 41 గజాల టచ్‌డౌన్ పాస్, 26-23 గెలుపు. దించాక ఒక తప్పుకే వెనక్కి పిలిస్తే ఇద్దరూ చెడతారు.

తీసేసినవాణ్ని గాలికొదిలేయొద్దు. అదే ఏడాది డిసెంబర్‌లో, ఎస్‌ఈసీ (అలబామా ఆడే సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్) ఫైనల్లో టువా గాయపడితే 21-28తో వెనకున్న జట్టును హర్ట్స్ వచ్చి 35-28తో గెలిపించాడు.

దించే ముందు:

- కొత్తవాడికి ఒక డ్రైవ్ ముందే చెప్పండి. సైడ్‌లైన్‌లో 15-20 పాస్‌లు విసరాలి, సెంటర్ (బంతిని వెనక్కి అందించే ఆటగాడు) బెంచీ దగ్గరికి రాగానే అతనితో స్నాప్‌లు (ఆ అందింపులు) తీసుకోవాలి. తొలి ప్లేలో బంతి జారే ప్రమాదం ఈ స్నాప్ దగ్గరే.
- కొత్తవాడిది ఎడమచేతి వాటమైతే అతని వీపు వైపు కాపలా రైట్ టాకిల్ (లైన్‌లో కుడి చివర నిలిచేవాడు) మీద పడుతుంది. పాస్ తిరుగుడు కూడా మారుతుంది, రిసీవర్లకు ముందే అలవాటు చేయించాలి.
- హెల్మెట్‌లో కోచ్ మాట వినిపించే రేడియో, పైన దానికి గుర్తుగా ఆకుపచ్చ చుక్క ఉండాలి. ప్లే క్లాక్ (తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి మిగిలిన సమయాన్ని చూపే గడియారం) 15 సెకన్లకు రాగానే రేడియో ఆగిపోతుంది, కాబట్టి ప్లే (ఆడాల్సిన ఎత్తుగడ) త్వరగా చెప్పాలి.
- ప్రాక్టీసులో బాగా ఆడిన 8-10 ప్లేలే ఇవ్వండి. మొదట రన్ (బంతి పట్టుకుని పరిగెత్తే) ప్లేలు, పొట్టి పాస్‌లు. సొంత ఎండ్ జోన్ (మైదానంలో మన వైపు చివరి భాగం) అంచున మొదలుపెట్టించకండి.

ఆడుతున్న క్వార్టర్‌బ్యాక్‌లో కన్‌కషన్ (తలకు దెబ్బ తగిలి మెదడు అదరడం) లక్షణాలు కనిపిస్తే చర్చే లేదు, ఆరోజుకు అతని ఆట ముగిసినట్టే. ప్రత్యర్థి ఫౌల్ లేకుండా హెల్మెట్ ఊడినా టైమౌట్ తీసుకోకపోతే ఒక ప్లే బయట ఉండాలి. ఆ ఒక్క ప్లేకు రెండో క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్ పట్టుకుని మీ పక్కనే ఉండాలి, చేతిలో ఒక రన్ ప్లే సిద్ధంగా.