ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ అని పేరు పెట్టినా నోట్‌ప్యాడే ఓపెన్ అవుతుందా?

మా తమ్ముడు అమీర్‌పేట్‌లో వెబ్ డిజైనింగ్ నేర్చుకుంటున్నాడు, మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "అన్నా, సార్ చెప్పినట్టే కొట్టిన, పేజీ వస్తలేదు, డబుల్ క్లిక్ చేస్తే మళ్ళా నోట్‌ప్యాడే వస్తుంది" అన్నాడు. గంటన్నర నుంచి కోడ్‌లో తప్పు వెతుకుతున్నాడంట, పాపం. కోడ్‌లో ఏం తప్పు లేదు.

రైట్ క్లిక్ కొట్టి న్యూ, టెక్స్ట్ డాక్యుమెంట్ అని ఫైల్ చేసి దానికి వెబ్‌పేజీ ఫైల్‌కి పెట్టే ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ అనే పేరు పెట్టాడు. కానీ విండోస్ తనకు తెలిసిన ఫైళ్ళ ఎక్స్‌టెన్షన్లని, అంటే పేరు చివర చుక్క తర్వాత ఫైల్ రకం చెప్పే ముక్కని, మామూలుగా దాచేస్తుంది, కాబట్టి చివర్న ఉన్న .టీఎక్స్‌టీ వాడికి కనపడలేదు, అసలు పేరు ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్.టీఎక్స్‌టీ అయి కూర్చుంది. టైప్ కాలమ్‌లో టెక్స్ట్ డాక్యుమెంట్ అని ఉంటే మీదీ ఇదే కేసు.

ముందు ఎక్స్‌టెన్షన్లు కనపడేలా చేసుకోండి. విండోస్ 11 అయితే విండోస్ కీ, ఇంగ్లిష్ ఈ (E) అక్షరం కలిపి నొక్కి ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరవండి, పైన వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ మీద టిక్ పెట్టండి. విండోస్ 10లో వ్యూ ట్యాబ్‌లోనే ఆ టిక్ ఉంటుంది.

ఇప్పుడు ఫైల్ సెలెక్ట్ చేసి ఎఫ్2 కొట్టండి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే నీలంగా సెలెక్ట్ అయ్యేది చివరి .టీఎక్స్‌టీ ముందున్న భాగమే, అందుకే ఎండ్ కీ నొక్కి, నాలుగుసార్లు బ్యాక్‌స్పేస్ కొట్టి ఎంటర్ చేయండి. ఫైల్ పనిచేయకపోవచ్చని హెచ్చరిక వస్తే భయపడకుండా యెస్ (Yes) అనండి. పేజీ రంగులు, రూపం రాసే స్టైల్.సీఎస్ఎస్ ఫైల్ కూడా ఇట్లనే చేసి ఉంటే దాన్నీ మార్చండి, లేకపోతే పేజీ వస్తుంది గానీ రంగులు రావు.

కానీ అన్ని ఫైళ్ళకీ పేరు మారిస్తే సరిపోదు. ఐఫోన్ ఫొటో .హెచ్ఈఐసీ అని ఉంటే, అప్లికేషన్‌లో అప్‌లోడ్ కోసం పేరు చివర .జేపీజీ అని మార్చినంత మాత్రాన అది జేపీజీ అయిపోదు, ఫొటో తెరిచి సేవ్ యాజ్‌లో జేపీజీ ఎంచుకోవాల్సిందే.

పని అయిపోయిందని ఆ టిక్ మాత్రం తీసేయకండి, దయచేసి. 2000 మే నెలలో ప్రపంచమంతా పాకిన ఐలవ్‌యూ వైరస్ .టీఎక్స్‌టీ.వీబీఎస్ అనే పేరుతోనే వచ్చింది, క్లిక్ చేస్తే నడిచే ప్రోగ్రామ్ అని చెప్పే చివరి .వీబీఎస్ ముక్క దాగిపోయేసరికి మామూలు లెటరే అనుకుని జనం క్లిక్ చేశారు. ఇప్పుడు కూడా మెయిల్‌లో బిల్.పీడీఎఫ్.ఈఎక్స్ఈ లాంటిది (ఈఎక్స్ఈ కూడా ప్రోగ్రామే) వస్తే, పీడీఎఫ్ బొమ్మే ఉన్నా సరే, తెరవకుండా డిలీట్ చేసేయండి.