చమురు బావుల ఎడారిలో ఎక్కడ ఆగాలి, ఎలా ఆగాలి

మే నెలాఖరుకు టెక్సాస్‌లో బడులు మూసేస్తారు. అప్పటికే ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటారు. న్యూ మెక్సికోలోని కార్ల్స్‌బాడ్ గుహలకు వెళ్దామా, బిగ్ బెండ్ నేషనల్ పార్కుకు వెళ్దామా అని డల్లాస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో చర్చ మొదలవుతుంది. గుహల గురించి, కొండల గురించి అందరూ చదువుకునే బయలుదేరతారు. మధ్యలో దాటవలసిన పెర్మియన్ బేసిన్ అనే చమురు నేల మాత్రం ఎవరికీ పట్టదు. 1923 మేలో అక్కడి శాంటా రీటా నంబరు 1 బావిలో చమురు పడింది. ఇవాళ అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ చమురు తీసే నేల అదే. దారికి ఇరువైపులా గంగిరెద్దుల్లా తలలూపే పంపులు, రాత్రిపూట గ్యాస్ మంటలు, మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమైన మెస్కీట్ తుప్పలు కనిపిస్తాయి. నిలబడేంత చెట్టు నీడ మాత్రం కనిపించదు.

ఈ దారిలో పాముకు భయపడేవారు ఎక్కువ, నిద్రకు భయపడేవారు తక్కువ. నన్ను అడిగితే ఆ వరుస తిరగేయాలంటాను. డల్లాస్ నుంచి ఈ చమురు నేల నడుమ ఉన్న మిడ్‌లాండ్ ఊరు సుమారు 330 మైళ్ళు. కార్ల్స్‌బాడ్ అక్కడి నుంచి ఇంకా రెండున్నర గంటలు. ఐ-20 హైవే మీద పడమటికి పోయేకొద్దీ వేగ పరిమితి గంటకు 80 మైళ్ళకు చేరుతుంది. రోడ్డు గీత గీసినట్టు ఉంటుంది, కళ్ళు వాలిపోతాయి. అందుకే ఎక్కడెక్కడ ఆగాలో ఇంట్లోనే కాగితం మీద రాసుకోండి. అలసట వచ్చాక వెతుకుదామంటే అప్పటికి కనుచూపు మేరలో ఏమీ ఉండదు.

రోడ్డు పక్కన ప్రభుత్వం కట్టిన ఆగే చోట్లు రెండు రకాలు. ఒకటి పిక్నిక్ ఏరియా: కాంక్రీటు బల్ల, దాని మీద చిన్న కప్పు, చెత్త డబ్బా, అంతే. చాలావాటిలో నీళ్ళుండవు, మరుగుదొడ్డీ ఉండదు. రెండోది రెస్ట్ ఏరియా: అక్కడ మరుగుదొడ్లుంటాయి, రాత్రి దీపాలుంటాయి. బోర్డు మీద బల్ల బొమ్మ చూసి ఆశగా లోపలికి తిప్పి, పెద్దవాళ్ళను తుప్పల వైపు పంపిన కుటుంబాలు నాకు తెలుసు. మరుగుదొడ్డి కావాలంటే రెస్ట్ ఏరియాలోనో పెద్ద పెట్రోలు బంకులోనో ఆగండి. కాళ్ళు చాచుకుని పులిహోర తినడానికైతే పిక్నిక్ ఏరియా హాయి. ఈ చోట్లలో ఒక కునుకు తీయవచ్చు గానీ టెంటు వేయకూడదు.

ఎండ సంగతి. సరిగ్గా ఆ రోజుల్లోనే మనకు రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలు చూసిన వాళ్ళం, ఇదొక లెక్కా అంటారు నాన్నగారు. విజయవాడ ఎండలో చెమట చొక్కాను తడిపి, నీళ్ళు తాగమని గుర్తు చేస్తుంది. ఇక్కడి పొడి గాలి చెమటను పట్టీ పట్టకముందే తాగేస్తుంది. ఒంట్లో నీరు తగ్గుతున్న సంగతి తెలియదు. సాయంత్రానికి నల్ల చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తే అప్పుడు అర్థమవుతుంది. 1994 జూన్ 28న ఈ దారిలోని మోనాహాన్స్ ఊరిలో 120 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 49 సెల్సియస్ నమోదైంది. టెక్సాస్ రాష్ట్ర రికార్డు అది. మనిషికి రోజుకు గ్యాలన్ చొప్పున నీళ్ళు కారులో ఉండాలి. ఐసు పెట్టెలో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఉంటే పెద్దవాళ్ళు అడగకుండానే తాగుతారు. ఒంట్లో నీరు తగ్గించే బీపీ మాత్రలు వేసుకునేవారు బయలుదేరే ముందు వైద్యుడిని ఒకమాట అడగాలి. ఇన్సులిన్‌ను ఆపిన కారులో వదలకూడదు. పసిపిల్లలను, నిద్రపోతున్న తాతగారిని అయిదు నిమిషాలకైనా వదలకూడదు. పెరుగన్నం ఐసులో ఉంటే సరే, డిక్కీలో ఉంటే గంట దాటాక పారేయండి. మనిషి తడబడి మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా వడదెబ్బ అనుకుని 911కు ఫోను చేసి, నీడకు చేర్చి తడిగుడ్డతో ఒళ్ళు చల్లబరచండి.

ఇక ఆగదగిన చోట్లు. ఐ-20 మీద మొదట వచ్చేది బిగ్ స్ప్రింగ్. ఊరి మీద 200 అడుగుల ఎత్తు సున్నపురాతి గుట్టపై చిన్న స్టేట్ పార్కు ఉంది. 1930ల మాంద్యం రోజుల్లో ప్రభుత్వ ఉపాధి పథకం కింద యువకులు రాళ్ళు కొట్టి కట్టినది. గుట్ట చుట్టూ మూడు మైళ్ళ కారు దారి ఉంది, మోకాళ్ళ నొప్పులున్న అమ్మకు దిగే పనే ఉండదు. ఒడెస్సా దాటాక ఉల్క పడిన గొయ్యి ఉంది. 550 అడుగుల వెడల్పు అని చదివి, లోయలా ఉంటుందని వెళ్ళేవారు నిరాశపడతారు. ఒకప్పుడు 100 అడుగుల లోతున్న గొయ్యి వేల ఏళ్ళుగా మట్టి పూడి ఇప్పుడు పల్లంలా మిగిలింది. నీడ లేదు, పాములుంటాయి. పొద్దున్నే అరగంట చాలు, మధ్యాహ్నమైతే మానుకోండి.

మోనాహాన్స్ ఇసుక తిన్నెలు వేరే సంగతి. ఈ దారిలో ఒక్కచోటే ఆగగలమంటే నేను ఆగేది ఇక్కడే. ఐ-20 మీద 86వ ఎగ్జిట్ దగ్గరే ఈ స్టేట్ పార్కు. తిన్నెలు 70 అడుగుల దాకా లేస్తాయి. జారడానికి ప్లాస్టిక్ పళ్ళాలను కార్యాలయంలోనే అద్దెకు ఇస్తారు. తిన్నెల మధ్య నడుము ఎత్తు తుప్పలు కనిపిస్తాయి. అవి పిల్ల మొక్కలు కావు, ముదిరిన ఓక్ చెట్లు. వేళ్ళు 70 అడుగుల లోతు దాకా పోతాయని అంటారు. ఎండవేళ ఆ తుప్పల అడుగు నీడలో పాము ఉండవచ్చు, చేయి పెట్టకండి. ఉదయం పది లోపు గానీ, పొద్దు వాలాక గానీ ఇసుకలోకి దిగండి. మధ్యాహ్నం ఇసుక అరికాళ్ళను కాల్చేస్తుంది. హవాయి చెప్పులు అక్కరకు రావు, బూట్లే వేసుకోండి. గుర్తులు పెట్టిన కాలిబాటలు లేవు, వేసిన అడుగులను గాలి చెరిపేస్తుంది. మూడో తిన్నె దాటితే కారు కనిపించదు. అన్ని తిన్నెలూ ఒకలాగే ఉంటాయి. ఫోనులో కారు ఉన్న చోటును గుర్తు పెట్టుకుని దిగండి. పిల్లలకు "మాకు కనిపించేంత దూరమే" అని గట్టిగా చెప్పండి. దూరాన ఉరుము వినిపిస్తే వెంటనే కారులోకి రావాలి, ఎందుకంటే అక్కడ అన్నిటికన్నా ఎత్తుగా నిలబడి ఉన్నది మీరే.

బాల్మోరియా స్టేట్ పార్కు ఎడారిలో చెరువు లాంటిది. శాన్ సాలమన్ ఊటల నీటితో 1930ల్లో కట్టిన ఈత కొలను అది. నీళ్ళు ఏడాది పొడవునా 72 నుంచి 76 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్యే ఉంటాయి. అయితే అది హోటల్ కొలను కాదు. కొన్నిచోట్ల 25 అడుగుల లోతు ఉంటుంది, అడుగున పాకుడు ఉంటుంది, కాపలా ఈతగాళ్ళు ఉండరు. ఈత రాని పెద్దవాళ్ళు మెట్ల మీద కూర్చుని కాళ్ళు పెట్టుకుంటే చాలు, చిన్న చేపలు వచ్చి పలకరిస్తాయి. చీరతోనూ దుపట్టాతోనూ నీళ్ళలోకి దిగవద్దు. వేసవి శనివారాల్లో ప్రవేశాలు నిండిపోతాయి. అందుకని ముందే ఆన్‌లైన్‌లో పాసు తీసుకుని, కొలను తెరిచి ఉందో లేదో చూసుకుని వెళ్ళండి. మరమ్మతుల కోసం 2018 నుంచి చాలా కాలం మూసే ఉంచారు.

చమురు నేల ప్రమాదం మరొకటి ఉంది. తారు రోడ్డు నుంచి చీలే తెల్లటి మట్టిదారులు బావులకు వెళ్ళే ప్రైవేటు దారులు. ఫోనులోని మ్యాపు దగ్గరి దారి అని అటు చూపినా వెళ్ళకండి. పంపు పక్కన నిలబడి ఫొటో దిగాలని అసలు అనుకోకండి. గేటు దగ్గర విషవాయువు హెచ్చరిక ఉంటే అది ఉత్త అలంకారం కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్ళిన గుడ్డులా కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ కంపు తెలియకుండా పోతుంది. వాసన ఆగిందంటే ప్రమాదం తప్పిందనుకోకూడదు. గాలికన్నా బరువైన వాయువు, పల్లాల్లో పేరుకుంటుంది. గాలికి ఎదురుగా, మెరక వైపు వెళ్ళిపోవాలి. 1995లో పాశర్లపూడి బావి మంటను, 2014లో నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలుడును చూసిన కోనసీమ వారికి ఈ భయం కొత్తగా చెప్పనక్కరలేదు. వింక్ ఊరి దగ్గర 1980లో ఒకసారి, 2002లో మరోసారి నేల కుంగి పెద్ద గోతులు పడ్డాయి. వాటి అంచు చూడాలని కూడా ఎవరూ వెళ్ళకూడదు.

పెకోస్ ఊరి నుంచి కార్ల్స్‌బాడ్ వెళ్ళే 285 రోడ్డును అక్కడివారే మృత్యుమార్గం అనేవారు. ఇసుక లారీలు, నీళ్ళ లారీలు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే పికప్‌లు అన్నీ అదే దారిలో. తెల్లవారుజామున, సాయంత్రం డ్యూటీలు మారే వేళల్లో ఆ రోడ్డు ఎక్కకండి. పగలు కూడా హెడ్‌లైట్లు వేయండి. ముందున్న లారీ నెమ్మదిగా పోతే పోనివ్వండి. రెండు వరుసల రోడ్డులో దాన్ని దాటి మిగుల్చుకునేది నాలుగు నిమిషాలే. రాళ్ళు ఎగిరి అద్దానికి తగులుతాయి, దూరం పాటించండి.

దుమ్ము లేస్తే మన అలవాటుకు పూర్తిగా తిరగేసి చేయాలి. దారి కనిపించకపోతే నాలుగు లైట్లూ వెలిగించి మెల్లగా పోవడం మనవాళ్ళకు అలవాటు. ఇక్కడ కారును రోడ్డు నుంచి పూర్తిగా దించి, అన్ని లైట్లూ ఆర్పి, బ్రేకు మీది కాలు తీసి, పార్కింగ్ బ్రేకు వేసుకుని కూర్చోవాలి. లైటు వెలుగుతుంటే వెనుకవాడు అదే దారి అనుకుని వచ్చి గుద్దుతాడు. జూలై తరువాత వానలు కూడా ఇంతే హఠాత్తు. వాగు రోడ్డు మీదుగా పారుతుంటే వెనక్కి తిరగండి, అడుగు లోతు నీరు చిన్న కారును తేల్చేస్తుంది.

కాగితాల మాట మరచిపోకండి. బిగ్ బెండ్ నుంచి ఉత్తరానికి వచ్చే దారుల్లోనూ, ఎల్ పాసో వైపు నుంచి ఐ-10 మీద తూర్పుకు వస్తుంటే సియెర్రా బ్లాంకా దగ్గరా సరిహద్దు గస్తీవారి తనిఖీ ఉంటుంది. గ్రీన్ కార్డు ఉన్నవారు కార్డును, వీసా మీద ఉన్నవారు పాస్‌పోర్టును, దేశంలోకి వచ్చిన నమోదు పత్రమైన ఐ-94ను వెంట ఉంచుకోవాలి. అమ్మానాన్నల పాస్‌పోర్టులు ఇంటి బీరువాలో భద్రంగా ఉంటే అక్కడ పనికిరావు.

పెట్రోలు సగానికి వస్తే నింపండి. గ్వాడలూప్ పర్వతాల పార్కులో బంకు లేదు. చివరగా గడియారం: న్యూ మెక్సికోలోకి అడుగు పెడితే ఒక గంట వెనక్కి వెళుతుంది. గుహల ప్రవేశానికి తీసుకున్న సమయం అక్కడి గడియారం ప్రకారమే. పోయేటప్పుడు కలిసివచ్చిన ఆ గంట తిరుగు ప్రయాణంలో పోతుంది కాబట్టి, చీకటి పడకముందే 285 రోడ్డు దిగి పెకోస్ చేరాలంటే గుహల దగ్గర మూడింటికల్లా కారెక్కండి.