విట్రెక్టమీకి (కంటి లోపలి జెల్లీని తీసే ఆపరేషన్‌కి) ముందు: ఒక్కసారి వాడే పరికరాలతో జాగ్రత్తలు

ప్యాక్ చించే ముందు గేజ్ (పరికరం మందం, అంకె పెరిగితే సన్నం) చూడండి. 25 గేజ్ ట్రోకార్ (కంట్లోకి దారి చేసే పరికరం) వేసి 23 గేజ్ కట్టర్ (జెల్లీని కోసి లాగే పరికరం) తెరిస్తే అది లోపలికి దూరదు, ప్యాక్ వృథా.

ఎక్స్‌పైరీ తేదీ, స్టెరైల్ గుర్తు, సీలు చూసుకోండి. కవరుకు చిన్న చిల్లు ఉన్నా, తడి మరక కనిపించినా పక్కన పెట్టేయండి.

కట్టర్‌ను ప్రైమ్ చేసి (గొట్టాల్లో గాలి పోయేలా ద్రవం నింపి), కంట్లో పెట్టకముందే స్టెరైల్ ద్రవంలో ముంచి, బ్లేడు ఆడుతోందో లేదో, ద్రవాన్ని సరిగ్గా లాగుతోందో లేదో మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే, ఎందుకంటే సరిగ్గా కోయకుండా లాగే కట్టర్ విట్రియస్‌తో (ఆ జెల్లీతో) పాటు రెటీనాను (కంటి వెనుక పొరను) కూడా లాగి చింపేయగలదు. టెన్షన్‌లో, తొందరలో ఎక్కువగా వదిలేసేది ఈ పరీక్షనే, దయచేసి వదలొద్దు.

ఇన్‌ఫ్యూజన్ ట్యూబులో (కంట్లోకి ద్రవం పంపే గొట్టంలో) బుడగలు ఉండకూడదు. కాన్యులా (ఆ ద్రవం కంట్లోకి వెళ్లే సన్నని గొట్టం) కొన విట్రియస్‌లోనే ఉందని కళ్లారా చూశాకే ద్రవం తెరవండి.

ఖరీదైనదని కట్టర్‌ను కడిగి ఇంకొకరికి వాడొద్దు. దాదాపు అర మిల్లీమీటరు గొట్టంలో ఇరుక్కున్న కణజాలం కడిగినా పూర్తిగా పోదు, ఆటోక్లేవ్ (ఆవిరితో స్టెరిలైజ్ చేసే యంత్రం) క్రిముల్ని చంపుతుందేమో గానీ ఆ మురికిని తీయదు, పైగా బ్లేడు మొద్దుబారుతుంది. ఖర్చు సంగతి రోగితో ముందురోజే మాట్లాడుకోండి, టేబుల్ మీద కాదు.

లాట్ నంబరు స్టిక్కర్ కేస్ షీట్‌లో అంటించండి, రేపు ఇన్‌ఫెక్షన్ వస్తే ఏ బ్యాచ్‌దో వెతకడానికి అదే ఆధారం.